సేద్యగాండ్రు కట్టుకొన్న సభామందిరము

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు సంఘములకు అక్కడక్కడ పాత భవనములు కలవు. పెంకులు పగిలి, దూలములకు చెదలుపట్టినపుడు, దానిని పడగొట్టి క్రొత్తది కట్టుదమను ప్రస్తావన సర్వసభ్య సమావేశమున వచ్చుట సహజము. “ఇందులో శిల్పమేమున్నది? ఇది రాజులు కట్టిన కోటయా?” అని కొందరందురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పరదేశమున మనవలెనే అల్పసంఖ్యాకులై బ్రదికిన వేరొక భారతీయ సమాజపు భవనమును పరిశీలించినచో దీనికి సమాధానము దొరకునని మా తలంపు. ఆ సమాజము కాలిఫోర్నియాలోని పంజాబీ రైతులది. ఆ భవనము స్టాక్టన్ పట్టణమందలి గురుద్వారము.

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో పంజాబునుండి వేలకొలది పురుషులు అమెరికా పడమటి తీరమునకు వలసపోయిరి. మొదట కలపమిల్లులలోను, రైలుమార్గపు పనులలోను కూలిచేసిరి. పిదప తమకు పుట్టుకతో వచ్చిన సేద్యమునకు మరలిరి. స్టాక్టన్ చెంత సాన్ వాకీన్ నది పాయలుగా చీలుచోట గట్లు పోసి సాగుకు తెచ్చిన నల్లనేలలు కలవు. అందు బంగాళాదుంపలు, చిక్కుళ్లు, ఆస్పరాగస్ అను కూరమొక్క పండును. జ్వాలాసింగ్, వసాఖాసింగ్ అను నిరువురు అచట కౌలుకు భూమి తీసికొని భాగస్వాములై సాగుచేసిరి. జ్వాలాసింగును జనులు ‘బంగాళాదుంపల రాజు’ అని పిలిచెడివారు.

వీరి పూనికతో 1912లో ‘పసిఫిక్ కోస్ట్ ఖాల్సా దీవాన్ సొసైటీ’ రిజిస్టరైనది. దీవాన్ అనగా సభ. 1915 నవంబరులో గ్రాంట్ వీధిలో చెక్కతో నిర్మించిన మందిరమునకు ప్రారంభోత్సవము జరిగినది. చూపునకది ఒక సామాన్య గృహమే. గోపురములు లేవు, పాలరాయి లేదు. లోపల కుర్చీలు సైతము వేసియుండెడివి. స్వదేశమందలి గురుద్వారములలో భక్తులు నేలపైననే కూర్చుందురు గనుక, ఈ కుర్చీలను జూచి ముక్కు విరిచినవారును లేకపోలేదు.

ఐనను ఆ కప్పు క్రింద జరిగిన పని సామాన్యమైనది కాదు. పంటలవెంట ఊరూర తిరిగెడి కూలివానికి పని లేని దినములలో తలదాచుకొను చోటు అదియే. లంగరులో అన్నము దొరకెడిది, పంక్తిలో కులభేదము లేదు. సిక్కులేగాక హిందువులు, మహమ్మదీయులు కూడ అచటికి వచ్చుచుండెడివారు. సేద్యగాండ్ర సొమ్ముతో 1912లోనే భారతీయ విద్యార్థులకు గురుగోవిందసింగ్ పేర విద్యార్థివేతనములు ఏర్పాటైనవి. తాము బడిముఖమెరుగని రైతులు పరుల బిడ్డల చదువునకై ధనమిచ్చుట మాకు మిక్కిలి గొప్పగా తోచుచున్నది.

1913లో గదర్ పార్టీ ఏర్పడినపుడు దానికి ధనమును, మనుషులను ఇచ్చిన స్థలములలో ఇది ముఖ్యమైనది. పార్టీ పత్రిక ఉర్దూలో మొదలై, కొలదికాలములోనే గురుముఖి లిపిలోను వెలువడినది. రైతులకు చదువవచ్చిన లిపి అదియే గదా. జ్వాలాసింగ్ 1914లో చేను, సంపద విడిచి తిరుగుబాటునకై స్వదేశమునకు బయలుదేరి, దిగగానే పట్టుబడి, యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పొందెను. ఆ పార్టీలో మన తెలుగువాడొకడు కూడ నుండుట మన పిల్లలకు తెలియవలసిన విషయము. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య గారు 1912లో చదువుకై కాలిఫోర్నియాకు వెళ్లి గదర్ పార్టీలో చేరిరి. తరువాత సయాములో పట్టుబడి కొన్నియేండ్లు చెరసాలలో గడపిరి. ‘నేనూ నా దేశం’ వారి స్వీయచరిత్రము.

ఇంతలో చట్టములు బిగిసినవి. పౌరసత్వమునకు అర్హులుగాని విదేశీయులు భూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లో శాసనము చేసి, 1920లో కౌలు హక్కును కూడ తీసివైచెను. భారతీయులు పౌరసత్వమునకు తగరని 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పెను. 1946లో చట్టము మారువరకు వారి గతి అదియే. చేను ఇతరుల పేర వ్రాసికొని సాగుచేయవలసివచ్చిన ఆ కాలములో ‘ఇది మాది’ అని వారు నిస్సంకోచముగా చెప్పుకొనగలిగిన తావు ఈ మందిరము. దలీప్‌సింగ్ సౌంద్ రచించిన ‘మై మదర్ ఇండియా’ అను గ్రంథమును 1930లో ఈ సంఘమే ప్రకటించినది. ఆయన 1956లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ఆసియా ఖండవాసి.

ఒక లోపమును కూడ చెప్పవలెను. వలసవచ్చిన వారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. పెక్కుమంది మెక్సికన్ స్త్రీలను పెండ్లాడిరి. వారి బిడ్డలకు తల్లి నేర్పిన స్పానిష్, బడి నేర్పిన ఇంగ్లీషు వచ్చెను. తండ్రి నుడి మాత్రము పెక్కిండ్లలో నిలువలేదు. భవనము జ్ఞాపకమును కాపాడును గాని, దానంతట అది భాషను కాపాడలేదు. బడిని నడపు సంఘములకు ఈ తేడా చక్కగా తెలియును.

1929లో సభ్యులు ఇటుకలతో క్రొత్త మందిరము కట్టిరి. పాతదానిని మాత్రము పడగొట్టలేదు. ఆ చెక్క కట్టడము నేటికిని అదే ఆవరణలో, ఆ సమాజపు చరిత్రకు ప్రదర్శనశాలగా నిలిచియున్నది. రాష్ట్రప్రభుత్వము ఆ స్థలమును చారిత్రక ప్రదేశముగా నమోదు చేసినది.

వారసత్వపు విలువ యనగా శిల్పమొక్కటే కాదు. ఎవరు, ఏ కష్టములో, ఏ పనికై ఆ నాలుగు గోడలు లేపిరన్నది కూడ అందు చేరును. ఇది మన భవనములకు కూడ వర్తించును. పాత కట్టడము నిలుపుట సాధ్యముకాని సందర్భములుండును. కూలిపోవు కప్పు క్రింద పిల్లలను కూర్చుండబెట్టుమని ఎవరును చెప్పరు. అట్టిచో పని మొదలిడుటకు ముందే శంకుస్థాపన శిలను వేరుచేసి భద్రపరుపవలెను. కట్టడపు కొలతలు, ఛాయాచిత్రములు తీయింపవలెను. బీరువాలోని కార్యక్రమ పుస్తకములను, చందా జాబితాలను తూకమునకు వేయరాదు. గోడనున్న వార్షికోత్సవ చిత్రపటములలోని వారిని గుర్తుపట్టగల పెద్దలు ఇంకను మన యిండ్లలో ఉన్నారు. వారిచే పేర్లు చెప్పించి పటముల వెనుక వ్రాయుడు. మెత్తని పెన్సిలుతో వ్రాయుట మేలు, సిరా ఏండ్లు గడచినకొలది బొమ్మమీదికి దిగును.