నీహారికల ఛాయాగ్రహణం: మార్పు చేసిన కెమెరా, నారోబ్యాండ్ ఫిల్టర్లు, వర్ణ ప్రామాణికత

వ్యాస సంగ్రహం

నీహారికల ఛాయాచిత్రాల్లోని రంగులు నిజమైనవా, కల్పితమైనవా అన్న సందేహం సర్వసాధారణం. కెమెరా, ఫిల్టరు, కంప్యూటరు అనే మూడు దశల్లో ఆ రంగులు ఏర్పడే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. అవి కల్పనలు కావని, సంకేతాలని, సంకేత వివరం తోడైనప్పుడే చిత్రం ఆధారంగా నిలుస్తుందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: నీహారిక, వర్ణపట రేఖ, హైడ్రోజన్ ఆల్ఫా, నారోబ్యాండ్ ఫిల్టరు, వర్ణారోపణ.

1. ఉపోద్ఘాతం

'నీహారం' అంటే మంచు. దూరదర్శినిలో మంచుతెరలా కనిపించే ఖగోళ వస్తువులకు 'నీహారికలు' అన్న పేరు తెలుగులో స్థిరపడింది. 1864లో విలియం హగ్గిన్స్ డ్రాకో రాశిలోని ఒక నీహారిక వర్ణపటాన్ని పరిశీలించినప్పుడు, నక్షత్రకాంతిలో ఉండే అవిచ్ఛిన్న వర్ణక్రమానికి బదులు కొన్ని ప్రకాశవంతమైన రేఖలే కనిపించాయి. అది నక్షత్రాల గుంపు కాదని, వాయుమేఘమని దీనితో తేలింది. అందులోని ఆకుపచ్చ రేఖలు తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడం వల్ల 'నెబ్యూలియం' అనే కొత్త మూలకాన్ని ఊహించారు. అవి రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ పరమాణువుల నుంచి వెలువడేవేనని 1927లో ఐరా బోవెన్ నిరూపించాడు. నేటి నారోబ్యాండ్ ఛాయాగ్రహణానికి ఈ రేఖలే ఆధారం.

2. మూడు ప్రధాన రేఖలు

ఉద్గార నీహారికలను చిత్రించడంలో మూడు రేఖలు ముఖ్యమైనవి: హైడ్రోజన్ ఆల్ఫా (656.3 నానోమీటర్లు), ద్విగుణ అయనీకృత ఆక్సిజన్ (500.7), అయనీకృత గంధకం (671.6, 673.1). మొదటిదీ చివరిదీ ఎరుపులోనివి, ఆక్సిజన్ రేఖ నీలి ఛాయ గల ఆకుపచ్చలోనిది. చీకటికి అలవాటుపడిన కన్ను 507 నానోమీటర్ల దగ్గర అత్యధికంగా స్పందిస్తుంది, ముదురు ఎరుపును దాదాపు గ్రహించలేదు. అందుకే చిత్రాల్లో ఎర్రగా వెలిగే ఒరాయన్ నీహారిక చిన్న దూరదర్శినిలో బూడిదరంగుగానో, లేత ఆకుపచ్చగానో కనిపిస్తుంది. కాబట్టి 'కంటికి కనిపించినట్లు' అన్నది ఇక్కడ సత్యానికి కొలమానం కాజాలదు.

3. కెమెరాలో మార్పు

సాధారణ డిజిటల్ కెమెరాలో సెన్సరు ముందు పరారుణ కాంతిని అడ్డుకునే ఫిల్టరు ఉంటుంది. చర్మవర్ణం వంటివి సహజంగా రావడానికి అది ఎరుపు చివరి భాగాన్ని కూడా తగ్గిస్తుంది. ఫలితంగా హైడ్రోజన్ ఆల్ఫా కాంతిలో అధికభాగం సెన్సరును చేరదు. మార్పు చేయడమంటే ఆ ఫిల్టరును తొలగించడం, లేదా ఈ రేఖను పూర్తిగా పంపే మరో ఫిల్టరును అమర్చడం. ఖాళీ స్థానంలో తగిన గాజుపలక అమర్చకపోతే ఆటోఫోకస్ తప్పుతుంది. పగటి చిత్రాల్లో రంగులు ఎరుపు వైపు మొగ్గుతాయి కనుక వైట్ బ్యాలెన్స్ ప్రత్యేకంగా సరిచేసుకోవాలి. ఈ అవసరాన్ని గుర్తించి కానన్ 20డీఏ (2005), నికాన్ డీ810ఏ (2015) వంటి కెమెరాలను ఆయా సంస్థలే విడుదల చేశాయి.

అయినా ఒక పరిమితి మిగులుతుంది. రంగుల సెన్సరులో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే ఎరుపుకు చెందినది. హైడ్రోజన్ కాంతిని ప్రధానంగా ఆ పావువంతు పిక్సెళ్లే నమోదు చేస్తాయి. నలుపు-తెలుపు సెన్సరులో ఈ నష్టం లేదు.

4. నారోబ్యాండ్ ఫిల్టర్ల పని

ఈ ఫిల్టర్లు ఒక్కో రేఖ చుట్టూ 3 నుంచి 12 నానోమీటర్ల పట్టీని మాత్రమే పంపుతాయి. 400–700 నానోమీటర్ల దృశ్య పరిధిలో 7 నానోమీటర్లంటే సుమారు 43వ వంతు. నీహారిక కాంతి ఆ పట్టీలోనే కేంద్రీకృతమై ఉంటుంది, నగరదీపాల కాంతీ వెన్నెలా అన్ని పట్టీల్లో పరచుకుని ఉంటాయి. అందువల్ల ఫిల్టరు నేపథ్యాన్ని తగ్గించి రేఖను నిలుపుతుంది. నగరం నుంచి కూడా నీహారికలను చిత్రించగలగడానికి ఇదే కారణం. అయితే నక్షత్రకాంతిని ప్రతిఫలించే కృత్తికల నీహారిక వంటి వాటికి, అవిచ్ఛిన్న వర్ణపటం గల గెలాక్సీల నక్షత్రకాంతికి ఈ ప్రయోజనం వర్తించదు.

కాంతి తక్కువ కాబట్టి ఒక్కో చిత్రానికి అనేక నిమిషాలు పడుతుంది. అలాంటి చిత్రాలను పదుల సంఖ్యలో తీసి సగటు కడతారు. 16 చిత్రాల సగటులో యాదృచ్ఛిక రొద ఒక్క చిత్రంలోని దానిలో నాలుగో వంతుకు తగ్గుతుంది.

5. వర్ణారోపణ, ప్రామాణికత

ఒక్కో ఫిల్టరుతో లభించేది నలుపు-తెలుపు చిత్రమే. 1995లో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ హబుల్ దూరదర్శినితో తీసిన ఈగిల్ నీహారిక స్తంభాల చిత్రంలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. తరంగదైర్ఘ్యాల క్రమం చెడకుండానే, కంటికి ఒకే ఎరుపుగా తోచే రెండు మూలకాలు ఇందులో వేరుపడ్డాయి. ఇక్కడ రంగు అలంకారం కాదు, అర్థభేదాన్ని తెలిపే గుర్తు.

చిక్కు తర్వాతి దశలో ఉంది. చాలా నీహారికల్లో హైడ్రోజన్ కాంతే బలమైనది కనుక ఈ పద్ధతిలో చిత్రం పచ్చగా వస్తుంది. ఛాయాగ్రాహకులు ఆకుపచ్చను తగ్గించి, బలహీన రేఖలను పెంచి, బంగారు-నీలి ఛాయలు సాధిస్తారు. అప్పుడు మూలకాల స్థానం తెలుస్తుంది గాని, వాటి కాంతుల నిష్పత్తి తెలియదు. ఇంకొక సూక్ష్మాంశం కూడా ఉంది. 658.4 నానోమీటర్ల నత్రజని రేఖ 7 నానోమీటర్ల ఫిల్టరులో హైడ్రోజన్‌తో కలిసి వస్తుంది. 'హైడ్రోజన్ చిత్రం' అన్న పేరు అక్కడ పూర్తిగా సరికాదు.

తాళపత్ర ప్రతిలోని పాఠాన్ని సవరించే పరిష్కర్త మూలపాఠాన్ని అధోజ్ఞాపికలో చూపుతాడు. సవరణ దోషం కాదు, దాన్ని దాచడం దోషం. నీహారిక చిత్రానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఈ నియమం ఎంత విలువైనదో ఆండ్రోమెడా గెలాక్సీ ఉదంతం తెలుపుతుంది. ఎన్నోసార్లు చిత్రించిన ఆ గెలాక్సీ పక్కన ఒక పెద్ద ఆక్సిజన్ వాయుచాపాన్ని మార్సెల్ డ్రెక్స్లర్, గ్జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సెంటీ అనే ఔత్సాహికుల బృందం నారోబ్యాండ్ చిత్రాల్లో గుర్తించింది. వేరే ప్రదేశాల నుంచి, వేరే పరికరాలతోనూ అది కనిపించాకనే వృత్తి శాస్త్రవేత్తలతో కలిసి 2023లో ప్రకటించారు. ఏ ఫిల్టరుతో తీశారో తెలియని చిత్రానికి ఇలాంటి పునఃపరీక్ష సాధ్యం కాదు.

6. ముగింపు

• నీహారిక చిత్రాల్లోని నారోబ్యాండ్ వర్ణాలు వాస్తవ కాంతికి ఇచ్చిన సంకేతాలు.

• కెమెరా మార్పు, ఫిల్టరు ఎంపిక ఆ కాంతిని సేకరించే మార్గాలు, వర్ణారోపణ దాన్ని చదివించే మార్గం.

• పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో ఇలాంటి చిత్రం వేసినప్పుడు ఏ రంగు ఏ మూలకానికి చెందుతుందో, ఏ ఫిల్టరు ఎంతసేపు వాడారో ఒక్క వాక్యంలోనైనా తెలపాలి. ఆ వాక్యం లేని చిత్రం అందాన్ని చూపగలదు గాని సాక్ష్యం చెప్పలేదు.