జొన్న పిలవకపోతే మల్లె మొలవదు

కలుపు మొక్కల్లో ఇంత ఓపికున్నది మరొకటి దొరకడం కష్టం. మన రైతులు జొన్నమల్లె అనే స్ట్రైగా విత్తనం పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, చూడ్డానికి ముక్కుపొడుమే. ఒక్కో మొక్క 50 వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. అవి నేలలో పదేళ్లు దాటినా ప్రాణంతో ఉంటాయి. వాన పడినంత మాత్రాన మొలవవు. దగ్గర్లో జొన్న వేరో, మొక్కజొన్న వేరో విడిచిన రసాయనం తగిలితేనే మొలిచి, ఆ వేరుకు అతుక్కుని సారం పీలుస్తాయి. తెల్లటి పూలతో మల్లె నేలపైకి కనబడేసరికి పైరు సగం చచ్చి ఉంటుంది. అప్పుడు పీకితే విత్తనం రాలకుండా ఆపగలం గానీ, ఆ ఏటి పంట తిరిగిరాదు.

ఆ రసాయనాల్లో మొదటిదాన్ని 1966లో పత్తి వేళ్ల నుంచి వేరుచేశారు. విశేషమేమిటంటే పత్తిని మల్లె పట్టదు. పత్తి చేలో మొలిచిన మల్లె ఆధారం లేక చస్తుంది. 1956లో అమెరికాలోని కరోలినా మొక్కజొన్న చేలల్లో మల్లె బయటపడినప్పుడు, దాన్ని గుర్తుపట్టింది భారత్ నుంచి వెళ్లిన ఒక విద్యార్థి. అక్కడి ప్రభుత్వం నేలలోకి ఇథిలీన్ వాయువు ఎక్కించి, విత్తనాలను పంట లేకుండానే మొలిపించి చంపింది. దశాబ్దాలు పట్టినా దాదాపు నిర్మూలించింది. ఆ ఖర్చు భరించడం సూడాన్ రైతు తరమా? అతనికి కావలసింది విత్తనంలోనే రక్షణ.

ఆ రక్షణను వెతికిన పద్ధతి ఎంత సులువో చూస్తే ముచ్చటేస్తుంది. ఇథియోపియాలో పుట్టి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గెబిసా ఎజెటా బృందం గాజు పళ్లెంలో పల్చటి అగర్ జిగురు పోసి, అందులో మల్లె విత్తనాలు కలిపి, ఒక జొన్న మొలకను పెట్టింది. కొద్దిరోజుల తర్వాత ఆ జొన్న వేరుకు ఎంత దూరంలోని మల్లె విత్తనం మొలిచిందో కొలిచేది. 10 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతే, ఆ జొన్న తక్కువ పిలుస్తోందన్నమాట. వందల రకాలను పొలంలో సంవత్సరాల తరబడి పరీక్షించే బదులు ఇలా వడపోశారు. ఎస్‌ఆర్‌ఎన్ 39 అనే జొన్న ఈ కొలతలో నిలిచింది. అలాంటి నిరోధక రకాల విత్తనం 8 టన్నులు 1994లో ఆఫ్రికా దేశాలకు వెళ్లింది. 2009లో ఎజెటాకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

ఈ గుణానికి మూలమైన జన్యువును 2017లో పట్టుకున్నారు. అది పనిచేయని జొన్న కూడా రసాయనం విడుస్తుంది. కానీ దాని రూపం మారి, ఒరోబాంకోల్ అనే రకం ఎక్కువగా వస్తుంది, దానికి మల్లె అంతగా మొలవదు. అసలు వేళ్లు ఈ రసాయనాలు విడిచేది మల్లె కోసం కాదు, భాస్వరం అందించే మేలైన శిలీంద్రాలను పిలవడానికి. ఈ సంగతి 2005లో తేలింది. అందుకే పిలుపును పూర్తిగా ఆపేయడం పంటకే చేటు.

పిలిచినా లోపలికి రానివ్వని జొన్నా ఉంది: భారత్‌కు చెందిన ఎన్ 13. మల్లె అతుక్కున్నాక దాని వేరుపొర మందమై దారి మూసేస్తుంది. ఆ గుణానికి ఆధారమైన జన్యు భాగాలను సూడాన్ రైతులకు నచ్చిన రకాల్లోకి ఎక్కించారు. అలా తయారైన నాలుగు రకాలు 2012లో అక్కడ విడుదలయ్యాయి.