గ్రామమునకొక హ్యాం రేడియో ఆపరేటరు

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినపుడు తంతి, టెలిఫోను స్తంభములు కూలినవి, రోడ్లు తెగినవి. ఆ ఘోరము వెలుపలి వారికి వెంటనే తెలియలేదు. ఇప్పుడు ఇంటింట సెల్‌ఫోను ఉన్నదని ధైర్యము చెప్పుకొనుచున్నాము. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తుతో పాటు ఆ ఫోనులును మూగవోయినవి.

హ్యాం రేడియోకు టవరుతో పని లేదు. ఒక సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ, ఏరియల్ తీగ, వాడుట తెలిసిన మనిషి ఉన్న చాలును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చునాటికి హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వారి బృందమొకటి, భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున, వేరొక పనిమీద అండమానులోని పోర్ట్ బ్లెయిరులో ఉండెను. ద్వీపవాసుల క్షేమ సమాచారములనేకము వారి సెట్ల ద్వారా ఒడ్డు చేరినవి.

అయితే సెట్టు కొన్నంతనే మాట్లాడుటకు వీలులేదు. లైసెన్సు లేక వాడుట నేరము. 1978 నాటి నియమములు, పిదపటి సవరణలను అనుసరించి 12 ఏండ్లు నిండిన పౌరుడెవరైనను పరీక్షకు కూర్చొనవచ్చును. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు రేడియో సిద్ధాంతము, నిబంధనలు తెలిసిన చాలును. జనరల్ గ్రేడుకు నిమిషమునకు 8 మాటల వేగముతో మోర్సు సంకేతములు పంపుట, అందుకొనుట కూడ రావలెను. పరీక్ష, విచారణ, లైసెన్సు అన్నియు ముగియుటకు నెలలు పట్టును. తుఫాను హెచ్చరిక వినిన పిమ్మట మొదలిడు పని కాదిది. ఇది జీతము లేని సేవ. ధాన్యము ధరలు విచారించుటకును ఈ సెట్టు వాడరాదు.

పరీక్షలో అడుగని విద్య ఒకటి కలదు. అది వార్త వ్రాయుట. “చాల నష్టమైనది, వెంటనే రండి” అన్న వార్త వలన కలెక్టరు కచేరీకి ఏమియు తెలియదు. “బడిలో 140 మంది, అందు చంటిబిడ్డలు 11 మంది, త్రాగునీరు రేపు ఉదయము వరకే” అనిన ఏ బండిలో ఏమి ఎక్కించవలయునో వారికి తెలియును. వ్రాసి ఇయ్యవలసినది పంచాయతీ వారు. ఆపరేటరు దానిని ఉన్నదున్నట్లు పంపి, అవతలివారి చేత తిరిగి చదివించి, వేళ గుర్తించుకొనును. తన మాట ఒక్కటియు చేర్చడు. క్లుప్తముగా చెప్పుట ఎంత కష్టమో మన సభలకు వచ్చినవారెరుగుదురు!

కనుక ఊరు విడిచి పోని వారిని, ఉపాధ్యాయునో మోటారు బాగుచేయు యువకునో, ఇద్దరిని ఎంపిక చేయుడు. ఒక్కరే అయినచో ఆనాడు ఆయన పొరుగూరిలో ఉండవచ్చును. 7 మెగాహెర్ట్‌జ్‌ల ఏరియల్‌కు సుమారు 20 మీటరుల తీగ కావలెను. రెండు కొబ్బరిచెట్ల నడుమ కట్టవచ్చును. గాలికి చెట్లే పడును గనుక మరొక తీగచుట్ట, రెండు గట్టి వెదురుగడలు పంచాయతీ కార్యాలయములో సిద్ధముగా ఉంచుడు. బ్యాటరీ చార్జి నెలకొకమారు చూడవలయును.