అసిటోన్‌లో లేని హైడ్రాక్సిల్
1837లో డబ్లిన్ రసాయనజ్ఞుడు రాబర్ట్ కేన్ అసిటోన్‌కు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి స్వేదనం చేశాడు. ఆ ఆమ్లం ఆల్కహాల్ నుంచి నీటిని లాగేస్తే ఇథిలీన్ వస్తుంది. అసిటోన్ కూడా ఒక ఆల్కహాలేనని ఆయన ఊహ. వచ్చిన నూనెకు మెసిటిలీన్ అని పేరు పెట్టాడు.

నీరు పోయిన మాట నిజమే. కాని అసిటోన్ కీటోన్; అందులో హైడ్రాక్సిల్ లేదు. అయినా కేన్ ఊహ పూర్తిగా నిరాధారం కాదు. ఆమ్లం సమక్షంలో కొన్ని అసిటోన్ అణువులు క్షణకాలం ఈనాల్ రూపం దాలుస్తాయి. ఒకటి మరొకదానితో కలిసినప్పుడు అక్కడ హైడ్రాక్సిల్ పుడుతుంది. మామూలుగా అది మొండిది, తేలిగ్గా ఊడిరాదు. ఆమ్లం ఇచ్చిన ప్రోటాన్ అందుకుంటే మాత్రం నీరుగా మారి విడిపోతుంది. ఇలా మూడు అణువులు మూడు నీటి అణువులను వదిలి బెంజీన్ వలయంగా ముడుచుకుంటాయి.

సరైన ఫార్ములా 1849లో హాఫ్‌మన్ తేల్చాడు. మూడు మిథైల్ సమూహాలు వలయంలో ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయని లాడెన్‌బర్గ్ రుజువు చేసేసరికి 1874 వచ్చింది.