మూగతెరనుండి మాటతెరకు: నటుడు పైడి జైరాజ్

జనగామనుండి బచ్చన్నపేట మీదుగా సాగు బాటలో చేర్యాల కలదు. ఆ ఊరి నకాశీ చిత్రకారులు వ్రాయు పటములు ఈ ప్రాంతమువారికి క్రొత్తవి కావు. కూనపులివారు పద్మశాలీల వాడలో మార్కండేయ పురాణమును చెప్పునప్పుడును, డక్కలివారు జాంబపురాణమును చెప్పునప్పుడును, నిలువుగా వ్రేలాడదీసిన గుడ్డపటముపై ఒక్కొక్క బొమ్మనే చూపుచు కథ నడిపించెదరు. బొమ్మ మాటాడదు, మాట కథకునిది. మూగచిత్రముల కాలమున సినిమాయు ఇంచుమించు అట్టిదే. తెరపై బొమ్మలు కదలును. నడుమ నడుమ రెండు మూడు భాషలలో వ్రాతలు కనబడును. చదువురానివారి కొఱకు తెరప్రక్కన నిలిచిన వ్యాఖ్యాత కథను వినిపించును. నటుడు ఏ భాషవాడైనను అడ్డు లేదు. కరీంనగరమున పుట్టిన తెలుగువాడు బొంబాయి తెరపై కథానాయకుడగుటకు ఆ కాలము అనుకూలించెను. అయితే తెరకు మాట వచ్చిన పిమ్మట గూడ ఆయన నిలిచెను. అది ఎట్లు సాధ్యమైనదో, దానివలన మనము పొందినదేమో, పోగొట్టుకొన్నదేమో ఇచ్చట ముచ్చటింతము.

పైడి జైరాజ్ 1909 సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించెను. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివెను. సినిమాపై మనసుపడిన యువకునకు ఆనాటి హైదరాబాదులో చేయదగిన పని లేదు. అంతకుముందు ఒక ప్రయత్నము జరుగకపోలేదు. ధీరేన్ గంగూలీ అను వంగదేశీయుడు నిజాము ఆదరణతో అచ్చట లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పి కొన్ని మూగచిత్రములు తీసెను. 1924లో 'రజియా బేగం' చిత్రమును ప్రదర్శింపగా నిజామునకు ఆగ్రహము కలిగి, ఆయన రాజ్యము విడిచి పోవలసివచ్చెను. దానితో హైదరాబాదు సినిమా మొలకదశయందే వాడిపోయినది. 1929లో జైరాజ్ బొంబాయి చేరుటకు ఇదియే కారణమని చెప్పలేము గాని, నటుడు కాదలచినవానికి వేఱు దారి లేకుండెనని మాత్రము చెప్పవచ్చును.

ఎత్తరి, దృఢకాయుడు, చక్కని రూపసి. మూగతెరకు కావలసినవి ఇవియే. 'జగ్‌మగ్తీ జవానీ'తో ఆరంభించి కొలదికాలములోనే ఆయన కథానాయక పాత్రలకు ఎదిగెను. ఆనాటి మూగచిత్రములలో చాలవఱకు నేడు లభింపవు. మన దేశమున సుమారు 1,300 మూగచిత్రములు తయారైనవని లెక్క. అందు అధికభాగము కాలిపోయియో, చివికిపోయియో నశించినవి. నటుని యౌవనమంతయు ఇట్లు మాసిపోవుట ఎంత కష్టమో యోచింపుడు.

1931 మార్చి 14వ తేదీన 'ఆలం ఆరా' విడుదలయ్యెను. బొమ్మకు గొంతు వచ్చెను. ఆ గొంతు ఎందఱి జీవికకో ఎసరు పెట్టినది. మూగతెరపై రాణివలె వెలిగిన సులోచన హిందుస్తానీ సరిగా పలుకలేక, భాష నేర్చుకొనుటకు కొంతకాలము తెరకు దూరము కావలసివచ్చెను. అట్టి గండమును తెలంగాణమువాడగు జైరాజ్ అవలీలగా దాటుట గమనింపదగినది. 1932లో 'షికారీ' ఆయన మొదటి మాటచిత్రము.

ఇందలి కీలకము ఆయన పెరిగిన రాజ్యములోనే కలదని నా అభిప్రాయము. నిజాము రాజ్యమున కచేరీలు, న్యాయస్థానములు, పై చదువులు ఉర్దూలో నడచుచుండెను. ఇంట తెలుగు, బయట ఉర్దూ. ఇది అచ్చటి చదువుకొన్నవారి నిత్యజీవితము. దీనియందు అన్యాయమును లేకపోలేదు. 1921లో హైదరాబాదు సభలో తెలుగున ఉపన్యసింపబోయిన వక్తను ఎగతాళి చేయగా, ఆ రోషమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. తన గడ్డపై తెలుగునకు తావు లేకుండ చేసిన ఆ ఏర్పాటే, ఒక తెలుగు యువకుని బొంబాయి మాటచిత్రములలో నిలబెట్టినది. దీనిని మెచ్చుకొనవలెనో నొచ్చుకొనవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను.

ఇచ్చటనే వేఱొక చిత్రము జరిగినది. 1932లో వెలువడిన మొదటి పూర్తి తెలుగు మాటచిత్రము 'భక్త ప్రహ్లాద' తయారైనదియు బొంబాయిలోనే. జైరాజ్ ఆ నగరముననే ఉండెను. కాని ఆయన బాట అప్పటికే హిందీ వైపు మఱలినది. తెలుగు చిత్రములు క్రమముగా మదరాసు చేరినవి. మాట రానంతకాలము దేశమునకంతటికి ఒకే తెర. మాట రాగానే ఎవరి తెర వారిది. జైరాజ్ పేరు తెలుగు ఇండ్లలో వినబడకపోవుటకు మూలమిదియే.

హిందీ తెరపై మాత్రము ఆయనకు లోటు లేదు. బాంబే టాకీస్ వారి 'భాభీ' (1938)లో నాయకుడు. 1943లో దేవికారాణి నటించిన చివరి చిత్రము 'హమారీ బాత్'లో ఆమె సరసన నాయకుడు. 1945లో అదే సంస్థకు 'ప్రతిమ' చిత్రమునకు దర్శకత్వము వహించెను. అప్పుడే తెరకెక్కిన దిలీప్ కుమార్‌కు అది రెండవ చిత్రము. సైగల్ పాటలతో ప్రఖ్యాతిగన్న 'షాజహాన్' (1946)లోను ఆయన కలడు. 1951లో నర్గీస్ నాయికగా 'సాగర్' చిత్రమును స్వయముగ నిర్మించి, దర్శకత్వమును వహించెను.

పిమ్మట ఆయన చేతికి కత్తి వచ్చినది. 'హాతింతాయి' (1956), 'అమర్‌సింగ్ రాథోడ్' (1957), 'పృథ్వీరాజ్ చౌహాన్' (1959), 'టిపూ సుల్తాన్' (1959) – ఏబదియవ పడిలో అడుగిడుచున్న వయసున ఆయన వీరపాత్రలు ధరించుచుండెను. మన కాంతారావు తెలుగు జానపద చిత్రములలో కత్తి త్రిప్పి పేరుపొందినట్లే, జైరాజ్ హిందీలో చారిత్రక వీరుడై వెలసెను. ఇరువురును తెలంగాణమువారే! ఈ చిత్రములు పెద్ద పెట్టుబడులవి కావు. విమర్శకుల మెప్పు పొందినవియు కావు. గుఱ్ఱముపై నిలువెత్తుగా కూర్చుండి సంభాషణను ఖంగున పలుకగల నటుడు లేనిచో అవి నిలువజాలవు. మూగచిత్రములు నేర్పిన దేహపటుత్వమును, హైదరాబాదు నేర్పిన ఉర్దూయు అచ్చట కలిసివచ్చినవి.

1963లో వెలువడిన 'నైన్ అవర్స్ టు రామ' అను ఆంగ్లచిత్రమున ఘనశ్యామదాస్ బిర్లా పాత్ర ధరించెను. నాయకపాత్రలు తప్పిన పిదప చిన్న వేషములకు ఆయన వెనుదీయలేదు. 1975లో 'షోలే' చూచిన కోట్లమందిలో, అందలి పోలీసు కమీషనరు కరీంనగరమువాడని ఎఱిగినవారెందఱు?

1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. 1969లో ఆ పురస్కారమును మొదట అందుకొన్న దేవికారాణి చివరి కథానాయకునకు, పదునొకండేండ్ల పిమ్మట అదే గౌరవము దక్కినది. తెలుగువారిలో అంతకుముందు బి.ఎన్. రెడ్డి దానిని పొందియుండెను. నటులలో జైరాజే ప్రథముడు. అక్కినేని నాగేశ్వరరావు వంతు 1990లో వచ్చెను.

2000 ఆగస్టు 11వ తేదీన, తొంబదియేండ్ల వయసున, ఆయన ముంబైలో కన్నుమూసెను. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత హైదరాబాదు రవీంద్రభారతిలో చిత్రప్రదర్శనల కొఱకు ఏర్పాటైన చిన్న శాలకు 'పైడి జైరాజ్' పేరు పెట్టిరి. అచ్చట క్రొత్తవారి లఘుచిత్రములు ప్రదర్శింపబడుచుండును.