తోడి రైతుతోఁ బొత్తు

రైతు తన పొలమున నొంటరిగాఁ బాటుపడునట్లు చూచువారికిఁ దోఁచును. కాని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోఁ జెఱువు క్రింద వరి పండించువానికి ఒంటరి సేద్యమనునది లేదు. ఒక చెఱువు క్రిందఁ బలువురి మడులుండును. చాలచోట్ల మడిమడికిని వేఱు కాలువ లేదు. ఎగువ మడి నిండిన పిమ్మటనే దిగువ మడికి నీరు దిగును. కావున గట్టున కావల నున్న రైతు మనకుఁ బొరుగువాఁడు మాత్రమే కాఁడు, తోడిపనివాఁడు. అతనితో మాట పొసఁగనినాఁడు కలుగు నష్టము మనస్తాపముతోఁ బోదు, గాదెలోఁ గనఁబడును.

తగవులు వినవచ్చునది పంట చివరి తడికి వచ్చినపుడు. వాని మొలక మాత్రము నారుమడినాఁడే పుట్టుచున్నది. ఒక దృష్టాంతము చూడుఁడు. స్వర్ణ రకము ఇంచుమించు 150 దినములకును, విజేత 135 దినములకును కోఁతకు వచ్చును. ఎగువ రైతు విజేతను, దిగువ రైతు స్వర్ణను ఒకే దినమున నారు పోసిరనుకొందము. కోఁతకుఁ బది దినములు ముందుగా ఎగువవాఁడు మడి ఆరఁబెట్టఁ గోరును. సరిగా నప్పుడే దిగువవాని గింజ పాలుపోసికొనుచుండును. తడి తప్పినఁ దాలు మిగులును. ఆ తడి ఎగువ మడిలోనుండియే రావలెను. ఈ యిరువురిలో దుర్మార్గుఁ డొక్కఁడును లేఁడు. ఎవరి పంటకు వలసినది వారు కోరుచున్నారు. అయినను రాత్రి గండి కొట్టుటయు, ఉదయమునఁ గేకలును దప్పవు. ముందుగా మాటలాడుకొనకపోవుటయే యిందలి దోషము.

కావున మా సలహా యిది. నారు పోయకముందే ఒక తూము క్రింది రైతులందఱును ఒకచోటఁ గూర్చుండవలెను. ఏ రకము, ఏ వారమున నారుపోఁత, ఎవరి ఉభాలు ముందు, చివరి తడులలో ఎవరి వంతు ఎప్పుడు, ఈ నాలుగును నిశ్చయించి వ్రాసికొనవలెను. రకములు వేఱైనచోఁ దక్కువ దినముల రకమును పదునైదు దినములు వెనుకగా నారు పోసినఁ గోఁతలు కలిసివచ్చును. లేదా గట్టువెంబడి చిన్న బోదె తీసినను జాలును. బోదెకుఁ బోవు భూమి కొంచెము. మిగులు నెమ్మది మెండు.

ఆ కూటమిలోఁ గొనమడివానిని ముందుగా మాటలాడనీయవలెను. నీటి కొఱఁత మొదట సోఁకునది వానికే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేలున సహకార అంగడి పెట్టిన పనివారు, వాటా ఎంతయైనను సభ్యునకు ఒక్కటే వోటను పద్ధతిని బాటించిరి. మన సంఘములకును అదియే మూలము. అది చెఱువుగట్టుమీఁదను చెల్లవలెను. ఐదెకరములవాని మాటయు, అరయెకరమువాని మాటయు సమానము.

ఉభాలకు ఒకరి పనికి ఒకరు వచ్చు కుటుంబములు, వచ్చిన దినములను ఒక పుస్తకమున గుర్తించుకొనవలెను. లెక్క వ్రాయుట అపనమ్మకమని కొందఱందురు. అది సరికాదు. మఱచిన లెక్కలవలననే స్నేహములు చెడుచున్నవి.

ఇఁక ఫిర్యాదు మాట. అది ఎవనిపై నున్నదో వానితోనే, గట్టుమీఁదనే, ఆ దినముననే చెప్పవలెను. టీ దుకాణమున మూఁడవవానితోఁ గాదు. గండి పడినచో గండినిగూర్చియే మాటలాడవలెను. వాని తండ్రిని, కులమును అందులోనికిఁ దేరాదు. వంతు తప్పక నీరు విడిచినవానిని నలుగురిలో మెచ్చుకొనుటయు మఱవరాదు.

ఆంధ్రప్రదేశమున 1997లో వచ్చిన చట్టము సాగునీటి నిర్వహణకు రైతులతో నీటి వినియోగదారుల సంఘములను గల్పించినది. చట్టము సంఘమును గల్పించును గాని, పలుకరింపులు మానిన యిద్దఱు రైతులను మరలఁ బలికింపఁజాలదు. ఆ పని మనదే. రాఁబోవు నారుపోఁతకు వారము దినములు ముందుగా మీ తూము క్రిందివారి నందఱినిఁ బిలువుఁడు. మాటలాడనివాని యింటికి మొదటఁ బొండు.