లాప్‌టాప్ కీలు ఊడిందా? అతికించే ముందు ఒక్క లెక్క వేయండి

లాప్‌టాప్ మూత తెరుస్తుంటే ఎప్పుడైనా 'టక్'మని శబ్దం వినిపించిందా? మూత మూల దగ్గర ప్లాస్టిక్ చీలి, లోపలి ఇనుప ముక్క బయటికి కనిపించిందా? అయితే మీ లాప్‌టాప్‌కు వచ్చిన జబ్బు కొత్తదేమీ కాదు. మూడు నాలుగేళ్లు వాడిన యంత్రాల్లో తరచుగా కనిపించేదే.

లోపల ప్రాసెసర్ బాగానే ఉంటుంది. తెర బాగుంటుంది. కీబోర్డు బాగుంటుంది. కాని మూత నిలవదు. గోడకో, పుస్తకాల దొంతరకో ఆనించి కొన్నాళ్లు లాక్కొస్తారు. దుకాణానికి తీసుకెళ్తే, "పై బాడీ మొత్తం మార్చాలి" అంటారు. ఆ ఖర్చు విన్నాక కొందరు లాప్‌టాప్‌ను అటకెక్కిస్తారు. మరికొందరు ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ సీసా అందుకుంటారు. రెండూ తొందరపాటు పనులే. వంద రెండు వందల రూపాయల సామగ్రితో ఈ మరమ్మతు చేసుకోవచ్చు. అయితే అసలు విరిగిందేమిటో, ఎందుకు విరిగిందో ముందు తెలియాలి.

తలుపు కీలు వేరు, లాప్‌టాప్ కీలు వేరు

మీ ఇంటి తలుపు కీలును గమనించండి. అది వదులుగా తిరుగుతుంది. గాలి వీస్తే తలుపు దానంతటదే పడుతుంది. లాప్‌టాప్ మూత అలా పడిపోకూడదు. మీరు ఏ కోణంలో వదిలితే ఆ కోణంలోనే ఆగాలి. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ నుంచి ఇప్పటి దాకా, పెట్టెలా మూత మూసే కంప్యూటర్లన్నింటికీ ఈ అవసరం ఉంది.

మూతను ఆపేది ఘర్షణ. దుకాణాల్లో 'హింజి' అని పిలిచే ఈ చిన్న భాగంలో ఒక ఉక్కు ఇరుసు ఉంటుంది. చాలా రకాల్లో ఆ ఇరుసు మీద పళ్లెం ఆకారంలో ఉండే స్ప్రింగు వాషర్లు వరసగా ఎక్కించి ఉంటాయి. చివర ఒక నట్టు వాటిని నొక్కి పట్టుకుంటుంది. నట్టు ఎంత బిగిస్తే ఘర్షణ అంత ఎక్కువ. లోహాలు ఒరుసుకుపోకుండా మధ్యలో కొద్దిగా గ్రీజు ఉంటుంది. ఇరుసుకు రెండు వైపులా రెండు ఉక్కు చేతులు ఉంటాయి. ఒకటి మూతకు, మరొకటి కీబోర్డు ఉన్న అడుగు భాగానికి స్క్రూలతో బిగించి ఉంటుంది.

ఉక్కు విరగడం అరుదు. ఆ స్క్రూలు దిగిన చోటే బలహీనం. లాప్‌టాప్ పెట్టెను సాధారణంగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తోగాని, దానిలో పాలికార్బొనేట్ కలిపిన మిశ్రమంతోగాని పోత పోస్తారు. అందులోనే చిన్న చిన్న గుంజలు లేపి, ఒక్కొక్క గుంజలో మరలున్న ఇత్తడి బుష్‌ను వేడిచేసి దించుతారు. స్క్రూ ఆ ఇత్తడిలో బిగుస్తుంది. ఇత్తడిని పట్టుకొని ఉన్నది మాత్రం పలుచని ప్లాస్టిక్ గోడ. మనం విన్న 'టక్' శబ్దం ఆ గోడ పగిలినది.

చేతికి కిలో, గుంజకు పది కిలోలు

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మీరు పాఠ్యపుస్తకంలో చదివిన బలభ్రామకమే ఇది. బలాన్ని, ఇరుసు నుంచి దాని దూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుంది.

మూత బరువు 500 గ్రాములు, దాని గరిమనాభి ఇరుసుకు 11 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. మూత పూర్తిగా అడ్డంగా వాలినప్పుడు బలభ్రామకం 0.5 × 9.8 × 0.11, అంటే సుమారు 0.54 న్యూటన్-మీటర్లు. కీళ్లు రెండు కాబట్టి ఒక్కొక్క కీలు 0.27 న్యూటన్-మీటర్లు ఆపగలిగితే చాలు. కొంచెం ఎక్కువ బిగువు ఉంచినా గుంజలకు ఇబ్బంది లేదు.

ఏళ్లు గడిచేకొద్దీ గ్రీజు ఎండుతుంది. దుమ్ము చేరుతుంది. కొన్నిటిలో లోహం లోహాన్ని రాసుకొని పట్టేస్తుంది. ఇలా ఒక కీలు బిగుసుకుపోయి, దాన్ని తిప్పడానికి 2 న్యూటన్-మీటర్లు కావలసి వచ్చిందనుకుందాం. మీరు మూతను పట్టుకొనేది ఇరుసుకు 22 సెంటీమీటర్ల దూరంలోని అంచు దగ్గర. అక్కడ మీరు పెట్టవలసిన బలం 2 ÷ 0.22, అంటే దాదాపు 9 న్యూటన్లు. ఒక కిలో చక్కెర పొట్లం ఎత్తినంత. మీ చేతికి అది పెద్ద బరువు అనిపించదు.

అవతలి పక్క చూడండి. అడుగు భాగంలో ఉక్కు చేయి పొడవు మహా అయితే రెండు సెంటీమీటర్లు. అంతే బలభ్రామకాన్ని అది తట్టుకోవాలంటే 2 ÷ 0.02, అంటే 100 న్యూటన్లు. పది కిలోల బియ్యం సంచిని ఆ పలుచని గుంజలకు వేలాడదీసినట్టు! గునపంతో బండరాయిని లేపే సూత్రమే ఇక్కడ మన లాప్‌టాప్‌ను మనమే పెకలించేలా చేస్తున్నది. చేయి ఏ వైపు నుంచి బిగించి ఉందనే దాన్నిబట్టి కొన్ని యంత్రాల్లో తెరిచేటప్పుడు, కొన్నిటిలో మూసేటప్పుడు గుంజలు పైకి లాగబడతాయి.

ఈ లెక్క మనకు చెప్పేది ఒక్కటే. గుంజ విరగడం ఫలితం, కీలు బిగుసుకుపోవడం కారణం. కారణాన్ని వదిలేసి గుంజను ఎంత గట్టి జిగురుతో అతికించినా, మూత తెరిచిన ప్రతిసారీ ఆ పది కిలోల పోటు తప్పదు. నేను కూడా మొదటిసారి గుంజ ఒక్కటే అతికించి, కీలును ముట్టుకోలేదు. వారం తిరగకుండానే అతుకుతో పాటు పక్క గుంజ కూడా ఊడి వచ్చింది.

విప్పే ముందు

ముందుగా వారంటీ ఉందేమో చూసుకోండి. ఉంటే మీరు విప్పకండి. రెండోది, పెట్టె విచ్చుకున్నది నిజంగా కీలు వల్లనేనా? లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బినా పెట్టె అంచులు విడిపోతాయి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీని అనుమానించండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. అది మంటలకు దారితీయవచ్చు. ఆ పనిని నేరుగా మరమ్మతు కేంద్రానికి అప్పగించండి.

కీలుదే తప్పని తేలితే, మీ ఫైళ్లకు ముందు నకలు తీసుకోండి. యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, అడుగు మూత విప్పండి. అన్నింటికంటే ముందు బ్యాటరీ కనెక్టరును ఊడదీయండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక కాగితం మీద పెట్టె బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచండి. పొడవు స్క్రూను పొట్టి దాని స్థానంలో బిగిస్తే అది పై ప్లాస్టిక్‌ను చీల్చుకొని వస్తుంది.

కీలు పక్కగానే తెరకు వెళ్లే తీగల కట్ట, వైఫై యాంటెన్నా తీగలు ఉంటాయి. ఊగిసలాడే ఉక్కు చేయి వీటిని కోసేస్తే రెండు వందల మరమ్మతు వేలల్లోకి వెళుతుంది. విరిగిన కీలుతో రోజులు నెట్టుకురావడం ఇందుకే ప్రమాదం.

మొదటి పని: కీలును వదులు చేయడం

స్క్రూలు విప్పి ఉక్కు చేయిని గుంజల నుంచి వేరు చేయండి. ఇప్పుడు ఇరుసు చివర నట్టు కనిపిస్తుందేమో చూడండి. ఉంటే చిన్న స్పానరుతోగాని, సన్నమూతి కటింగ్ ప్లేయరుతోగాని ఎనిమిదో వంతు చుట్టు వదులు చేయండి. చేయిని పట్టుకొని తిప్పి చూడండి. ఇంకా బిగువుగా ఉంటే మరో ఎనిమిదో వంతు. ఒక్కసారిగా వదులు చేస్తే మూత నిలవదు. రెండు కీళ్లూ దాదాపు ఒకే బిగువుతో తిరగాలి. ఒకటి బిగువు, ఒకటి వదులు అయితే మూత మెలితిరిగి, భారమంతా ఒక పక్కే పడుతుంది.

కొన్ని కీళ్లకు నట్టు ఉండదు. ఉక్కు రేకునే ఇరుసు చుట్టూ చుట్టి ఉంటారు. వీటికి అగ్గిపుల్ల కొనతో కాస్త చిక్కని గ్రీజు పెట్టి, పదిసార్లు ముందుకూ వెనక్కూ తిప్పి, మిగిలినది గుడ్డతో తుడిచేయండి. పలుచని నూనెలు స్ప్రే చేయకండి. అవి కారి తెర అంచుల్లోకి వెళతాయి. అప్పటికీ వదులు కాకపోతే ఆ కీలు పనికిరాదు, కొత్తది వేయాలి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి. రోడ్డు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ వంటి కంప్యూటర్ బజార్లలో విడి కీళ్లు దొరుకుతాయి. మోడల్ నంబరు తప్పనిసరిగా రాసుకొని వెళ్లండి.

రెండో పని: గుంజను నిలబెట్టడం

ఫెవిక్విక్ వంటి జిగురులో ఉండేది సయనోఅక్రిలేట్. రసాయనవేత్త హ్యారీ కూవర్ 1942లో పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ దీన్ని చూసి, తగిలిన ప్రతిదానికీ అంటుకుంటున్నదని పక్కన పెట్టేశాడు. జిగురుగా ఇది 1958లో అమ్మకానికి వచ్చింది. గాలిలోను, వస్తువుల ఉపరితలం మీద ఉండే తేమ తగలగానే దీని అణువులు గొలుసుల్లా కలిసిపోయి క్షణాల్లో గట్టిపడతాయి. ఆ గట్టితనం గాజు వంటిది. నేరుగా లాగితే ఆగుతుంది, ఒక అంచు నుంచి పెకలించినా, కుదుపు తగిలినా పెళుసుగా విరుగుతుంది. మన గుంజకు పడేది సరిగ్గా ఆ పెకలించే బలమే. ఈ జిగురులో వంటసోడా చల్లి దిమ్మె కట్టే పద్ధతి కూడా ఉంది. సోడా క్షార గుణం వల్ల జిగురు మరింత వేగంగా గట్టిపడి ఖాళీని నింపుతుంది. కాని పెళుసుతనం పోదు. ముక్కలను చోట్లో నిలపడానికి తప్ప, భారం మోయడానికి దీన్ని నమ్ముకోలేం.

మనకు కావలసింది రెండు ట్యూబుల ఎపాక్సీ. అరల్డైట్ పేరుతో హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికేది ఇదే. ఒకదానిలో రెజిన్, మరొకదానిలో హార్డెనర్ ఉంటాయి. రెండూ కలిసినప్పుడు అణువుల గొలుసుల మధ్య అడ్డబంధాలు ఏర్పడి వలలా అల్లుకుంటాయి. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ఖాళీని కూడా చక్కగా నింపుతుంది. అయిదు నిమిషాల రకం కంటే నిదానంగా గట్టిపడే రకం సాధారణంగా బలంగా ఉంటుంది.

పని ఈ వరుసలో చేయండి. పగిలిన చోటును గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. నున్నని ప్లాస్టిక్‌ను ఎపాక్సీ సరిగ్గా పట్టుకోదు. సూదిమొనతో అడ్డంగా నిలువుగా గీతలు గీస్తే దానికి వేళ్లూనే చోటు దొరుకుతుంది. ఇత్తడి బుష్‌ను ఉక్కు చేయికి స్క్రూతో బిగించండి. స్క్రూ మరలకు కొద్దిగా వాజలీన్ రాయడం మరవకండి. లేకపోతే స్క్రూ కూడా అతుక్కుపోయి మళ్లీ రాదు. రెండు ట్యూబుల నుంచి ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలో తీసి, రెండు నిమిషాలు బాగా కలిపి, పాత గుంజ స్థానం చుట్టూ దట్టంగా మెత్తండి. చేయిని దాని స్థానంలో కూర్చోబెట్టి కదలకుండా ఉంచండి. చేయి ఉన్న చోటే గుంజ గట్టిపడుతుంది కాబట్టి రంధ్రాలు తప్పిపోవు. ఇరుసులోకి మాత్రం జిగురు వెళ్లకూడదు. వెళితే కథ మొదటికి వస్తుంది.

24 గంటలు ముట్టుకోకండి. పైకి గట్టిగా కనిపించినా లోపల బంధాలు ఇంకా ఏర్పడుతూనే ఉంటాయి. గది కిటికీలు తెరిచి పనిచేయండి, జిగురు చర్మానికి తగలనివ్వకండి. ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది కదా, గోళ్ల రంగు చెరిపే ద్రవంతో అతికిద్దామా అని కొందరికి అనిపిస్తుంది. పెట్టెలో పాలికార్బొనేట్ కలిసి ఉంటే అసిటోన్ దాన్ని పగుళ్లు బారేలా చేస్తుంది. పైగా మండే ద్రవం. దాని జోలికి పోవద్దు.

గుంజలు పొడిపొడి అయితే

అతికించడానికి ముక్కలే మిగలనప్పుడు ఇంకో ఉపాయం ఉంది. పెట్టెకు అడుగు నుంచి చిన్న రంధ్రం చేసి, సన్నని బోల్టును చేయి గుండా పంపి నట్టు బిగించడం. బయటి వైపు వెడల్పాటి వాషర్ వేయండి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. వైశాల్యం పెరిగితే అదే 100 న్యూటన్లు ప్లాస్టిక్‌ను చీల్చలేవు. చూడటానికి అందంగా ఉండదు, కాని నిలుస్తుంది. రంధ్రం చేసేటప్పుడు బ్యాటరీ, మదర్‌బోర్డు పెట్టెలో ఉండకూడదు. వాటిని తీయడం మీకు చేతకాకపోతే ఈ పద్ధతి మెకానిక్‌కే వదిలేయండి. బోల్టు కొన లోపలి భాగాలకు తగలకుండా పొడవు కొలుచుకోండి. ఒక్క లోహపు రజను మిగిలినా షార్ట్ సర్క్యూట్ కావచ్చు.

ఇంకా విరగని వారికి

మీ లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, మూతను ఒక్క వేలితో మధ్యలో పట్టి నెమ్మదిగా లేపండి. కిర్రుమన్నా, మూల దగ్గర ప్లాస్టిక్ అతుకు విచ్చుకున్నా, మునుపటికంటే బిగువుగా ఉన్నా కీలు హెచ్చరిస్తున్నదన్నమాట. అప్పుడే వదులు చేయిస్తే జిగురు అవసరమే రాదు. మూతను ఎప్పుడూ మధ్యలో పట్టి తెరవండి. ఒక మూల పట్టి లాగితే ఆ పక్క కీలు మీదే భారం పడుతుంది. మూత పట్టుకొని లాప్‌టాప్‌ను ఎత్తకండి.

గోరంత ప్లాస్టిక్ గుంజ విరిగినందుకు, చక్కగా లెక్కలు చేసే యంత్రం చెత్తకుప్పకు చేరనక్కరలేదు. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం వాడుకదారులకు అందాలన్నది దాని ఉద్దేశం. ఆ హక్కు అక్కరకు రావాలంటే మన వంతుగా తెలియవలసిందీ కొంత ఉంది. ఏది విరిగిందన్న ప్రశ్న దగ్గరే ఆగకుండా, ఎందుకు విరిగిందని అడగండి. జిగురు ట్యూబు మూత ఆ తరువాతే తీయండి.